దివాలా తరువాత నెలనెలా కట్టమన్న మొత్తం ఎక్కువనిపిస్తే

బెంగళూరు మారతహళ్లిలో మా చెల్లెలి ఇంటికి వచ్చినప్పుడల్లా చుట్టుపక్కల తెలుగువారు పిల్లల వీసాల గురించి అడగడం నాకు అలవాటే గాని, ఈసారి వచ్చిన పెద్దాయన తలుపు దగ్గరగా వేసి మరీ కూర్చున్నారు. బర్మింగ్‌హామ్‌లో ఉంటున్న కొడుకు క్రెడిట్ కార్డుల అప్పు తీర్చలేక అక్కడే దివాలా దరఖాస్తు పెట్టుకున్నాడట. ఇప్పుడు నెలకు 310 పౌండ్ల చొప్పున మూడేళ్లు కట్టాలంటూ ఒక ఒప్పంద పత్రం వచ్చిందట. "మన వైపు ఐపీ పెట్టాడంటే ఇక అక్కడితో సరి కదండీ, మళ్లీ ఈ కట్టడమేమిటి?" అన్నది ఆయన సందేహం. ఇంగ్లండుకు కొత్తగా వచ్చిన మనవాళ్లు చాలామంది ఇలాగే అనుకుంటారు కనుక ఆయనకు చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను.

ఇంగ్లండ్, వేల్స్‌లలో దివాలా నుంచి సాధారణంగా ఏడాదికే విముక్తి లభిస్తుంది. అయితే ఇంటి ఖర్చులు పోను నెలకు 20 పౌండ్లో అంతకు మించో మిగిలేవారి నుంచి, ఆ మిగులును గరిష్ఠంగా మూడేళ్ల పాటు అప్పులవాళ్ల కోసం రాబట్టే వీలు 1986 నాటి ఇన్‌సాల్వెన్సీ చట్టంలో ఉంది. (స్కాట్లాండ్ పద్ధతి వేరు.) మామూలుగా ఆ లెక్క వేసేది అఫీషియల్ రిసీవర్ అనే ప్రభుత్వాధికారి, ఆ కార్యాలయం పంపే పత్రమే ఇన్‌కమ్ పేమెంట్స్ అగ్రిమెంట్, వాడుకలో ఐపీఏ. మన ఐపీతో దీనికి అక్షరాల పోలికే తప్ప చుట్టరికం లేదు. సంతకం పెట్టనంత వరకు అది అధికారి ప్రతిపాదన మాత్రమే; పెట్టాక కోర్టు ఉత్తర్వుతో సమానంగా అమలవుతుంది. కాబట్టి అభ్యంతరం చెప్పవలసింది సంతకానికి ముందు.

పెద్దాయన ఫోనులో కొడుకు పంపిన ఖర్చుల పట్టిక చూపించారు. అద్దె, కౌన్సిల్ ట్యాక్స్, గ్యాసు సరిగానే ఉన్నాయి. "ఇండియాకు పంపేది 250" అన్న వరుసను మాత్రం అధికారి కొట్టేశారు. అది ఈ బెంగళూరు ఫ్లాటు ఈఎంఐ అని చెబుతూ ఆయన తల దించుకున్నారు. చట్టం మినహాయించేది దివాలా తీసిన వ్యక్తికీ అతని కుటుంబానికీ సమంజసమైన గృహావసరాలను. కుటుంబమంటే అతనితో కలిసి నివసిస్తూ అతని మీద ఆధారపడినవారు. మారతహళ్లిలో ఉన్న అమ్మానాన్నలు ఆ నిర్వచనంలోకి రారు. మనకు ఇది మింగుడు పడదు గాని, ఆ వరుస కోసం పోట్లాడటం వల్ల ప్రయోజనం లేదని ఆయనకు ఉన్నమాటే చెప్పాను.

పట్టు దొరికేది వేరేచోట. నర్సరీ ఫీజు పాత ధరకే వేసి ఉంది. కొత్త ఆఫీసు దూరమై రైలు పాసు ఖర్చు పెరిగిన సంగతి పట్టికలో లేనే లేదు. ఏడాదికోసారి వచ్చే ఖర్చులను అబ్బాయి అసలు రాయలేదు. వీసా పొడిగింపుకు వెళ్లేటప్పుడు ఆరోగ్య సర్‌చార్జీయే పెద్దవారికి ఏడాదికి 1,035 పౌండ్లు, అంటే నెలకు 86 పైచిలుకు; పైగా వీసా కాలానికంతటికీ ఒకేసారి కట్టాలి. అధికారి ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఇలాంటివి అడిగి చూడవలసినవే. అడిగేది ఫోనులో కాదు, రాతపూర్వకంగా: ఏ వరుసలో ఎంత వేశారు, నిజానికి ఎంతవుతోంది, దానికి రుజువు ఏమిటి అని చూపుతూ, బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు జతచేయాలి. కష్టాలు ఏకరువు పెట్టిన నాలుగు పేజీల కన్నా ఒక రసీదుకు విలువ ఎక్కువ.

అప్పటికీ కుదరకపోతే సంతకం పెట్టకుండా ఉండవచ్చు. అప్పుడు అటువైపు వారు ఇన్‌కమ్ పేమెంట్స్ ఆర్డర్ కోసం కోర్టుకు వెళతారు. విచారణకు కనీసం 28 రోజుల ముందు నోటీసు వస్తుంది. సమంజసమైన గృహావసరాలకు చాలనంతగా ఆదాయాన్ని తగ్గించే ఉత్తర్వు న్యాయమూర్తి ఇవ్వకూడదు. అయితే తేడా పదిహేను పౌండ్లే అయినప్పుడు పంతానికి పోయి కోర్టు మెట్లెక్కడం నాకు తెలివైన పనిగా తోచదు. సిటిజన్స్ అడ్వైస్ వారు ఉచితంగానే సలహా ఇస్తారు, ముందు వారికి కాగితాలు చూపించాలి.

సంతకం అయిపోయినవారికీ దారి ఉంది. ఉద్యోగం పోయినా, బిడ్డ పుట్టినా ఒప్పందాన్ని ఇరుపక్షాలూ రాతపూర్వకంగా సవరించుకోవచ్చు, లేదా సవరించమని కోర్టును కోరవచ్చు. విముక్తి రాకముందు ఆదాయం పెరిగితే మాత్రం 21 రోజుల్లో తెలియజేయాలి. చెప్పాపెట్టకుండా కట్టడం మానేస్తే, ఏడాది గడవకముందే అయితే, విముక్తినే నిలిపివేయమని కోర్టును అడిగే అధికారం వారికి ఉంటుంది.

పెద్దాయన అక్కడే కూర్చుని కొడుక్కి ఫోను చేశారు. "ఈఎంఐ సంగతి నేను చూసుకుంటాలే నాన్నా, నువ్వు ముందు ఆ నర్సరీ రసీదులు వెతుకు" అన్నారు.