టికెట్‌కి కట్టేది ఒక్కసారే, పాయింటుకి కట్టేది మూడేళ్లు

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉంటాం. పోయిన నెల ఐ-680 మీద 65 మైళ్ల లిమిట్ ఉన్నచోట మావారు 83లో వెళ్తున్నారని హైవే పెట్రోల్ వాళ్లు టికెట్ ఇచ్చారు. జరిమానా దాదాపు 370 డాలర్లు. రెండేళ్ల క్రితం స్టాప్ సైన్ దగ్గర పూర్తిగా ఆగలేదని ఇంకో టికెట్ వచ్చింది. అప్పుడు ఆన్‌లైన్‌లో డబ్బు కట్టేసి వదిలేశాం. ఇప్పుడూ అలాగే కట్టేద్దామంటున్నారు ఆయన. న్యూజెర్సీలో ఉండే మా అన్నయ్య లాయర్‌ని పెట్టుకోమంటున్నాడు. డాలస్‌లో ఉన్న ఫ్రెండేమో పాయింట్లని పట్టించుకోవద్దంటోంది. రెండు కార్లకి ఇన్సూరెన్స్ ఏడాదికి 3,900 డాలర్లు కడుతున్నాం. అందులో మావారి కారుది 2,400. గ్రీన్‌కార్డ్ ప్రాసెస్ నడుస్తోంది, అదొక టెన్షన్. ఈమధ్యే అపార్ట్‌మెంట్ కూడా మారాం. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఒక్క పని చేయండమ్మా. ఆ 370 డాలర్లు మామూలుగా కట్టేయకుండా మీవారిని ఆపండి. కట్టొద్దని కాదు, కట్టే పద్ధతి మారాలి. మామూలుగా కట్టేస్తే కోర్టు దృష్టిలో తప్పు ఒప్పుకున్నట్టే. ఆ సంగతి లైసెన్సులిచ్చే రాష్ట్ర శాఖ డీఎంవీకి చేరుతుంది, లైసెన్స్ రికార్డు మీద పాయింటు పడుతుంది. అదే డబ్బు కడుతూ ట్రాఫిక్ స్కూల్ కావాలని అడిగి, ఆ కోర్సు గడువులోగా పూర్తి చేస్తే పాయింటు పడదు. మీ ఇంటి బడ్జెట్‌కి అసలు భారం ఆ పాయింటే. ఎలాగో చెబుతాను.

కాలిఫోర్నియాలో స్పీడింగ్, రెడ్ లైట్ దాటడం, స్టాప్ సైన్ దగ్గర ఆగకపోవడం లాంటివాటికి ఒక్కో పాయింటు. మన తప్పు వల్ల జరిగిన యాక్సిడెంటుకీ సాధారణంగా ఒకటే. తాగి నడపడం, రెక్‌లెస్ డ్రైవింగ్, యాక్సిడెంట్ చేసి పారిపోవడం, గంటకి వంద మైళ్లు దాటిన వేగంతో వెళ్లడం లాంటివాటికి రెండేసి. ఒక పాయింటు తప్పులు రికార్డులో 39 నెలలు ఉంటాయి. ఏడాదిలో 4, రెండేళ్లలో 6, మూడేళ్లలో 8 పాయింట్లు చేరితే లైసెన్స్ సస్పెన్షన్ దాకా వెళ్తుంది. మీవారు ఆ దరిదాపుల్లో లేరు కాబట్టి లైసెన్స్ గురించి బెంగపడకండి. ఇన్సూరెన్స్ గురించి మాత్రం ఆలోచించాలి.

ఈ రాష్ట్రంలో 1988లో ఓటర్లు ప్రాపొజిషన్ 103 అనే చట్టాన్ని ఆమోదించారు. దాని ప్రకారం కారు ఇన్సూరెన్స్ ధర కట్టేటప్పుడు కంపెనీ అన్నిటికంటే ముందు చూడాల్సింది డ్రైవింగ్ రికార్డు. తర్వాత ఏడాదికి ఎన్ని మైళ్లు తిరుగుతారు, ఎన్నేళ్ల అనుభవం ఉంది అన్నవి. అదే చట్టం మంచి డ్రైవర్లకి కనీసం 20 శాతం డిస్కౌంట్ ఇచ్చి తీరాలంది. దాన్నే గుడ్ డ్రైవర్ డిస్కౌంట్ అంటారు. లైసెన్స్ వచ్చి మూడేళ్లు నిండి, గత మూడేళ్లలో ఒకటికి మించి పాయింటు లేకపోతే అది దక్కుతుంది. మనుషులకి దెబ్బలు తగిలిన యాక్సిడెంటులో ప్రధానంగా తప్పు మనదై ఉండకూడదు. ఒక్క పాయింటుతో ఈ డిస్కౌంట్ పోదు. చాలామందికి తెలియనిది ఇదే. మొదటి టికెట్‌కి పెద్దగా ఏమీ కాలేదని మీకు అనిపించి ఉంటుంది, కారణం అదే. రెండోది పడితే మాత్రం పోతుంది. స్టాప్ సైన్ పాయింటు మీవారి మీద ఇంకా ఉంది. ఇప్పుడు ఇదీ పడితే రెండవుతాయి.

లెక్క చూడండి. ఆయన కారుకి ఇప్పుడు కట్టే 2,400 ఆ 20 శాతం డిస్కౌంట్ తగ్గించాక వచ్చిన మొత్తం. అంటే అసలు రేటులో 80 శాతం. డిస్కౌంట్ తీసేస్తే అది కనీసం 3,000 అవుతుంది. ఏడాదికి 600 డాలర్లు అదనం. పాత పాయింటుకి మూడేళ్లు నిండాక, అంటే ఇంకో ఏడాదికి, ఆయన మళ్లీ ఒక్క పాయింటు మనిషవుతారు, డిస్కౌంట్ తిరిగి వస్తుంది. అయితే కొత్త పాయింటు వల్ల మూల రేటులో వచ్చే పెంపు ఉంది చూశారూ, అది ఈ 600కి అదనం, డిస్కౌంట్ వచ్చాక కూడా కొనసాగుతుంది. ఎంతన్నది ఒక్కో కంపెనీ ఒక్కోలా వేస్తుంది. మొత్తం మీద 370 డాలర్ల టికెట్ వెనక దానికి రెండు మూడింతల ఖర్చు దాగి ఉంది. ట్రాఫిక్ స్కూల్ కోసం కోర్టుకీ కోర్సుకీ కలిపి అయ్యేది సాధారణంగా వంద డాలర్లకి అటూ ఇటూ.

మీవారికి ఆ అర్హత ఉంది. లిమిట్ కంటే 18 మైళ్లు ఎక్కువ వెళ్లారు. 25 మైళ్లకి మించి దాటి ఉంటే కోర్టు క్లర్క్ దగ్గర ఈ దారి మూసుకుపోయేది. కమర్షియల్ వాహనం కాదు, మద్యం కేసు కాదు. పద్దెనిమిది నెలలకి ఒక్కసారే ఈ అవకాశం ఇస్తారు. పోయినసారి మీరు వాడుకోలేదు కాబట్టి ఇప్పుడు చేతిలో ఉంది. నిజానికి ఆ స్టాప్ సైన్ టికెట్‌కే వాడుకుని ఉంటే ఇవాళ రికార్డు ఖాళీగా ఉండేది.

అల్మెడా కౌంటీ కోర్టు వెబ్‌సైట్‌లో టికెట్ మీదుండే సైటేషన్ నంబరుతో కేసు తెరిచి, ట్రాఫిక్ స్కూల్ ఆప్షన్ ఎంచుకుని, జరిమానా, స్కూల్‌కి సంబంధించిన కోర్టు ఫీజు కలిపి కట్టాలి. జరిమానా తగ్గదు, ఆ ఆశ పెట్టుకోకండి. తర్వాత డీఎంవీ లైసెన్స్ ఉన్న స్కూల్‌లోనే చేరాలి. ఎనిమిది గంటల కోర్సు, చివర్లో పరీక్ష, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు. కోర్టు ఇచ్చిన గడువుకి కనీసం రెండు వారాల ముందే పూర్తి చేయించండి. ఆఖరి రాత్రికి వదిలేసి గడువు తప్పితే, డబ్బంతా కట్టాక కూడా పాయింటు పడుతుంది, కట్టింది వెనక్కి రాదు. సవ్యంగా పూర్తయితే ఆ తప్పు రికార్డులో గోప్యంగా ఉంటుంది, ఇన్సూరెన్స్ కంపెనీకి కనపడదు.

ఇక మీ అన్నయ్య, మీ ఫ్రెండ్ చెప్పినవి. వాళ్లు ఉండే చోట అవి సరైన మాటలే. న్యూజెర్సీలో మూడేళ్లలో ఆరు పాయింట్లు చేరితే మోటార్ వెహికల్ కమిషన్‌కి విడిగా సర్‌చార్జ్ కట్టాలి. మొదట 150 డాలర్లు, ఆ పైన ఒక్కో పాయింటుకి 25. అక్కడ ప్రాసిక్యూటర్‌తో మాట్లాడి పాయింట్లు లేని 'అన్‌సేఫ్ డ్రైవింగ్' కింద మార్పించుకోవడం మామూలే. దానికి విడిగా 250 డాలర్ల సర్‌చార్జ్ ఉన్నా చాలామంది లాయర్‌ని పెట్టుకునేది అందుకే. మీ ఫ్రెండ్ ఉండే టెక్సాస్‌లో పాయింట్లకి సర్‌చార్జ్ వేసే పథకాన్ని 2019 సెప్టెంబర్‌లో ఎత్తేశారు. అక్కడ కూడా ఇన్సూరెన్స్ వాళ్లు టికెట్లు చూస్తారన్నది మాత్రం మీ ఫ్రెండ్‌కి చెప్పండి. టికెట్ విషయంలో ఒక రాష్ట్రం సలహా ఇంకో రాష్ట్రానికి అతకదు. బంధువుల వాట్సాప్ గ్రూపులో తేల్చుకునే విషయం కాదిది.

లాయర్ అవసరం లేదంటాను. స్పీడ్ నిజంగానే తప్పుగా రాశారనుకుంటే కోర్టుకి వెళ్లకుండా రాతపూర్వకంగా వాదించే పద్ధతి ఉంది, టీఆర్-205 అనే ఫారం. డబ్బు ముందే డిపాజిట్ చేయాలి, గెలిస్తే తిరిగి ఇస్తారు. ఓడిపోయాక ట్రాఫిక్ స్కూల్ ఇవ్వడం మాత్రం జడ్జి ఇష్టం. ఆయన 83లో వెళ్లిన మాట నిజమైతే, చేతిలో ఉన్న ఖాయమైన దారిని ఈ వాదన కోసం వదులుకోవద్దు.

అపార్ట్‌మెంట్ మారామన్నారు. ఈ ఉత్తరంలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది అదే. కోర్టు నోటీసు పాత అడ్రస్‌కి వెళ్తుంది. అందలేదంటే కోర్టు ఒప్పుకోదు. చివరి తేదీ టికెట్ కాగితం మీదే ఉంటుంది, ఇవాళే చూసుకోండి. ఇల్లు మారాక పది రోజుల్లో డీఎంవీకి కొత్త అడ్రస్ చెప్పాలన్నది చట్టం. ఆన్‌లైన్‌లో ఉచితంగా అయిపోతుంది. కోర్టుకి విడిగా చెప్పాలి, ఇన్సూరెన్స్ కంపెనీకి విడిగా. తెలంగాణలో 2022లోనూ, 2023 చివర్లోనూ పెండింగ్ చలానాలకి పెద్ద రాయితీలిచ్చారు. మళ్లీ ఇస్తారులే అని చలానాలు పోగేసుకునేవాళ్లు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. ఆ అలవాటు ఇక్కడికి తెచ్చుకోకండి. గడువు దాటితే కోర్టు వంద డాలర్ల దాకా అదనంగా వేయొచ్చు, హాజరు కాలేదని ఇంకో కేసు చేరొచ్చు. డబ్బు సర్దుబాటు కాకపోతే గడువులోపే కోర్టుని వాయిదాలు అడగొచ్చు. ఆదాయం తక్కువుంటే తగ్గించమనీ అడగొచ్చు. డీఎంవీ పేరుతో ఫోన్‌కి వచ్చే 'వెంటనే కట్టండి' మెసేజ్‌ల లింకులు మాత్రం ముట్టుకోకండి.

గ్రీన్‌కార్డ్ విషయానికొస్తే, మీవారిది ఇన్‌ఫ్రాక్షన్, అంటే జరిమానాతో పోయే చిన్న ఉల్లంఘన. జైలు శిక్ష ఉండదు. ఒక్క స్పీడింగ్ టికెట్ వల్ల గ్రీన్‌కార్డ్ ఆగిపోతుందని భయపడనక్కర్లేదు. అయితే గ్రీన్‌కార్డ్ దరఖాస్తు అయిన ఐ-485 ఫారంలో ఎప్పుడైనా అరెస్ట్ అయ్యారా, పోలీసులు సైటేషన్ (టికెట్) ఇచ్చారా అన్న ప్రశ్న ఉంది. రెండు టికెట్ల గురించీ మీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి చెప్పి, ఎలా రాయాలో వాళ్లనే అడగండి. దాచకండి. డబ్బు కట్టిన రసీదు, కేసు ముగిసినట్టు కోర్టు కాగితం స్కాన్ చేసి పెట్టుకోండి. తాగి నడిపిన కేసు వేరు. అరెస్టయితే చాలు, తీర్పు రాకముందే స్టేట్ డిపార్ట్‌మెంట్ వీసా రద్దు చేయగలదు. ఆ పరిస్థితి మీ ఇంట్లో ఎవరికీ రాకూడదు. పార్టీ రాత్రి ఊబర్‌కి అయ్యే ఖర్చు గురించి రెండోసారి ఆలోచించకండి.

ప్రీమియం తగ్గించుకోవాలంటే ఒక మాట. మైళ్లు ముఖ్యమని చెప్పాను కదా. మీవారు వారంలో కొన్ని రోజులు ఇంటినుంచి పనిచేస్తుంటే పాలసీలో ఏడాది మైళ్లు పాత అంకెలోనే ఉన్నాయేమో చూడండి, నిజమైన అంకె ఇవ్వండి. చేతిలో ఆరు నెలల అత్యవసర నిధి ఉంటే కొలిజన్ డిడక్టిబుల్, అంటే యాక్సిడెంటులో మన కారు రిపేరుకి ముందు మన జేబునుంచి కట్టే వాటా, 500 నుంచి వెయ్యికి పెంచుకోవచ్చు. లయబిలిటీ, అంటే మన తప్పు వల్ల ఎదుటివాళ్లకి జరిగిన నష్టానికి కట్టే కవరేజీ, మాత్రం తగ్గించొద్దు. చట్టం అడిగే కనీసం 2025 జనవరి 1 నుంచి 30,000, 60,000, 15,000 డాలర్లు అయింది. అంటే గాయాలకి ఒక మనిషికి 30, ఒక యాక్సిడెంటుకి 60, ఆస్తి నష్టానికి 15 వేలు. అంతకుముందు గాయాలకి ఇందులో సగమే ఉండేది, ఆస్తి నష్టానికైతే 5,000 మాత్రమే. బే ఏరియాలో ఒక టెస్లా వెనక భాగం బాగుచేయడానికి, ఒక రాత్రి హాస్పిటల్ బిల్లుకి ఇప్పటి కనీసం కూడా చాలకపోవచ్చు. రెండు జీతాలు, 401కే రిటైర్మెంట్ పొదుపు, ఇంటి డౌన్ పేమెంట్ కోసం దాచుకున్న డబ్బు ఉన్న కుటుంబానికి గాయాల కవరేజీ కనీసం ఒక మనిషికి లక్ష, ఒక యాక్సిడెంటుకి మూడు లక్షల డాలర్ల స్థాయిలో ఉండాలని నా సలహా. టికెట్ వల్ల పెరిగిన నాలుగు డబ్బులు మిగుల్చుకోవడానికి దీన్ని కోసేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఈ ట్రాఫిక్ స్కూల్ వాడుకున్నాక పద్దెనిమిది నెలల పాటు మీవారికి ఇంకో అవకాశం ఉండదు. టికెట్ వచ్చిన తేదీ నుంచి లెక్క. ఈలోపు ఫోన్ చేతిలో పట్టుకుని నడిపే అలవాటు ఉంటే మానేయమనండి. అది 36 నెలల్లో రెండోసారి దొరికితే పాయింటు పడుతుంది. 680 మీద సునోల్ దగ్గర పల్లంలో బండి తనంతట తనే వేగం అందుకుంటుంది, అక్కడ క్రూజ్ కంట్రోల్ లిమిట్‌కి పెట్టుకోవడం మంచిది.

కోర్సు పూర్తయి, కోర్టు వెబ్‌సైట్‌లో కేసు ముగిసినట్టు కనిపించాక ఒకటి రెండు నెలలు ఆగి డీఎంవీ సైట్‌లో ఆయన డ్రైవర్ రికార్డు తీయించండి. రెండు డాలర్లు అవుతుంది. కొత్త పాయింటు పడలేదని చూసుకోండి. పొరపాటున పడి ఉంటే కోర్సు పూర్తయినట్టు స్కూల్ ఇచ్చిన సర్టిఫికెట్ నంబరుతో ముందు కోర్టు క్లర్క్‌ని కలవాలి, సరిచేసిన సమాచారం వాళ్లే డీఎంవీకి పంపాలి. ఇది పాలసీ రెన్యూవల్‌కి ముందే తేలితే మేలు. రెన్యూవల్ కాగితంలో గుడ్ డ్రైవర్ డిస్కౌంట్ అన్న లైన్ ఆయన పేరు మీద ఉందో లేదో చూసి, లేకపోతే వెంటనే ఏజెంట్‌కి ఫోన్ చేయండి.