పాత సర్వర్ డిస్కులు ఇంకో సర్వర్‌లో వాడొచ్చు, కానీ అన్నీ కలిపి ఒకటి చెయ్యకండి

మదర్‌బోర్డు పోయిన సర్వర్‌లోని నాలుగు డిస్కులు తీసి ఇంకో సర్వర్‌కి స్టోరేజీ పెంచుకోవచ్చా అని రాయగడ నుంచి అడిగారు. పెంచుకోవచ్చు. పర్లాకిమిడిలో మా బావ ఫొటో స్టూడియోకి నేనూ అదే చేశాను. మొదటిసారి చేసిన తీరు మాత్రం మీకు వద్దు.

ముందు డిస్కు వెనక కనెక్టర్ చూడండి. సాటా (మామూలు కంప్యూటర్లలో ఉండే రకం) అయితే డేటా పిన్నులకీ పవర్ పిన్నులకీ మధ్య చిన్న ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ పూడిపోయి ఉంటే అది సాస్ డిస్కు, అంటే సర్వర్లలో వాడే ఇంకో రకం. మామూలు సాటా కేబుల్ దానికి ఎక్కదు, సాస్ కార్డు కావాలి. రైడ్‌లో, అంటే కొన్ని డిస్కులు జట్టుగా ఒకటిలా పనిచేసే ఏర్పాటులో, నడిచినవైతే పాత డేటా కావాలో వద్దో ఇప్పుడే తేల్చుకోండి. కొత్త రైడ్ కార్డు వాటిని చూసి 'ఫారిన్ కాన్ఫిగరేషన్' (వేరే కార్డు చేసిన అమరిక) అంటుంది, కంగారులో క్లియర్ కొట్టేస్తారు, ఆ అమరిక చెరిగి పాత డేటా అందకుండా పోతుంది.

తర్వాత స్మార్ట్ రిపోర్టు, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క, తియ్యండి. ఏడాదికి 8,760 గంటలు. పవర్ ఆన్ అవర్స్ 40,000 దాటితే ఆ డిస్కు నాలుగున్నరేళ్లకు పైగా తిరిగేసిందన్నమాట. అంతకన్నా నేను చూసేది పెండింగ్ సెక్టార్లు, అంటే డిస్కు సరిగ్గా చదవలేకపోతున్న చోట్లు. అక్కడ సున్నా లేకపోతే ఆ డిస్కు పక్కన పెట్టేస్తాను. సున్నా ఉన్నా సరే, డిస్కు మొత్తం చదివి చూసే లాంగ్ టెస్ట్ రాత్రంతా నడవాల్సిందే.

ఇక నా నిర్వాకం. నాలుగు 500 జీబీ డిస్కుల్ని ఎల్‌వీఎంతో (డిస్కుల్ని కలిపి ఒకటిగా చూపించే లినక్స్ సాఫ్ట్‌వేర్) కలిపి ఒకే 2 టీబీ చేశాను. బావ తెగ సంబరపడ్డాడు. వైశాఖం పెళ్లిళ్ల మధ్యలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. మూడో డిస్కు టక్ టక్‌మని కొట్టుకుని ఊరుకుంది. పోయింది ఒక్కటే, మౌంట్ కానిది, అంటే తెరుచుకోనిది, మొత్తం. రైలెక్కి గుణుపురం వెళ్లి, మేమే ఇచ్చిన పెళ్లి వీడియో కాపీ మళ్లీ అడిగి తెచ్చుకున్నాను. "మీ స్టూడియోలో లేదా బాబూ?" అని పెళ్లికొడుకు తండ్రి అడిగితే ఏం చెప్పాలో తోచలేదు.

ఇప్పుడు రెండేసి డిస్కులు మిర్రర్‌లో, అంటే రెండింట్లోనూ అదే డేటా ఉండేలా, పెడుతున్నాను. సగం జాగా పోతుంది, పోనివ్వండి. సైజులు వేరైతే చిన్నదాని సైజే లెక్కకొస్తుంది. జాగానే ముఖ్యమంటే మెర్జర్‌ఎఫ్‌ఎస్ చూడండి, విడివిడి డిస్కుల్ని ఒకే ఫోల్డర్‌లా చూపించే సాఫ్ట్‌వేర్ అది. అందులో ఏ ఫైలైనా ఒకే డిస్కులో పూర్తిగా ఉంటుంది, కాబట్టి డిస్కు పోతే దాంట్లోవే పోతాయి. అయినా రెండో కాపీ ఇంకో చోట ఉండాలి.

మీ డిస్కులు ఎంతెంతవో రాయలేదు. 2 టీబీ, ఆపైనైతే శ్రమకి ఫలితం ఉంటుంది. 500 జీబీవైతే వద్దంటాను. నాలుగూ కలిసి 28 వాట్లు తిన్నా నెలకి 20 యూనిట్లు, పైగా మే నెల వేడి. వాటిని యూఎస్‌బీ కేసుల్లో పెట్టి, బ్యాకప్ తీసుకుని, విప్పి బీరువాలో పడేసుకోండి. మావి ఇప్పుడు అక్కడే ఉన్నాయి.