ఎర్ర మచ్చను చూడగానే అడగాల్సిన ప్రశ్న: దేంతో పోలిస్తే?
(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ఈసారి నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఫంక్షనల్ ఎమ్మారై (మెదడులో ఏ పనికి ఏ చోటు స్పందిస్తుందో చూసే స్కాను) గురించే. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మనిషి ఆలోచిస్తుంటే మెదడులో ఫలానా చోటు వెలుగుతుందని టీవీలో బొమ్మలు చూపిస్తారు. నిజంగా వెలుగుతుందా? ఆ మిషను కొలిచేది దేన్ని? – కందుకూరు

జవాబు: లోపల వెలిగేదేమీ లేదు. ఆ ఎరుపు, పసుపు లెక్కలు కట్టాక కంప్యూటరు పూసిన రంగులు. మిషను కొలిచేది నెత్తురులో ఆక్సిజన్ తేడాను. నెత్తురులో ఆక్సిజన్‌ను మోసే పదార్థం హిమోగ్లోబిన్. ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్ అయస్కాంతానికి కొంచెం లొంగుతుంది, ఆక్సిజన్ మోస్తున్నది లొంగదు. లైనస్ పాలింగ్, చార్లెస్ కోరియెల్ ఈ సంగతి 1936లోనే తేల్చారు. మెదడు పనిని చూడటానికి ఇది పనికొస్తుందని 1990లో సీజీ ఒగావా ఎలుకల మీద చూపారు. 1992 కల్లా మనుషుల మీదా చేసేశారు.

కాలువ చివర పొలాలున్న రైతుకు ఇది చెప్పకుండానే తెలుసు. మడి ఎండుతోందని కబురు వెళ్తే సోమశిలలో నీళ్లు వదులుతారు. అవి వచ్చేసరికి ఆలస్యమవుతుంది. వచ్చినప్పుడు ఆ ఒక్క మడికి చాలినదానికంటే ఎక్కువే వస్తాయి. మెదడులో పని జరిగిన చోటికి నెత్తురు వచ్చే తీరూ ఇంతే. కదలడానికి ఒకటి రెండు సెకన్లు, ఉధృతికి చేరడానికి 5–6 సెకన్లు, మామూలు స్థితికి రావడానికి 15–20 సెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఖర్చయిన ఆక్సిజన్ కంటే వచ్చి చేరింది ఎక్కువ కాబట్టి, ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్ పలచబడి సిగ్నల్ పెరుగుతుంది. 3 టెస్లా (అయస్కాంత బలానికి కొలత) మిషనులో ఆ పెరుగుదల మామూలుగా ఒకటి రెండు శాతమే. ఇంత సన్నటి మార్పు ఒక్కసారి చూస్తే దొరకదు కాబట్టి ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయిస్తారు.

బొమ్మలో ఒక్కో గడి 3 మిల్లీమీటర్లుంటే అందులో లక్షల నాడీకణాలుంటాయి. శరీరం బరువులో మెదడు 2 శాతమే అయినా, ఖాళీగా కూర్చున్నప్పుడు కూడా శక్తిలో 20 శాతం దాకా అదే వాడుకుంటుంది. అంటే రంగు లేని చోటు ఊరికే పడి ఉందని కాదు. ‘ఈ పని చేసినప్పటికీ, ఆ పని చేసినప్పటికీ ఇక్కడ తేడా ఉంది’ అనడమే మచ్చకు అర్థం. బొమ్మ కింద ఆ రెండో పని ఏమిటో రాయలేదంటే ఆ బొమ్మను నమ్మాల్సిన పనిలేదు.

ప్రశ్న: మా నాయనకు 54 ఏళ్లు. మెదడు ఎడమ వైపు గడ్డ ఉంది. ఆపరేషనుకు ముందు ఫంక్షనల్ ఎమ్మారై తీయించమన్నారు. ఇప్పటికే ఒక ఎమ్మారై తీశారు కదా, మళ్లీ ఎందుకు? మేం ఏం చూసుకోవాలి? – కావలి

జవాబు: మొదటి ఎమ్మారై గడ్డ ఎక్కడుందో చెప్పింది. దాని పక్కన మాట ఉందా, కుడిచేతి కదలిక ఉందా అన్నది చెప్పలేదు. కుడిచేతి వాటం వాళ్లలో నూటికి 95 మందికి మాట ప్రధానంగా ఎడమ సగంలో ఉంటుంది. ఎడమచేతి వాటం వాళ్లలో 70 మందికి. మీ నాయనగారిది ఏ చేతి వాటమో అక్కడ తప్పకుండా చెప్పండి.

చేతి కోసమైతే 30 సెకన్లు వేళ్లను వరసగా బొటనవేలికి తాకించాలి, 30 సెకన్లు ఊరకుండాలి, ఇలా నాలుగైదు విడతలు. మాట కోసమైతే ‘కత్తి’ అని కనపడితే ‘కోయడం’, ‘చీపురు’ అంటే ‘ఊడవడం’ అని మనసులోనే అనుకోవాలి. పైకి అంటే దవడతో పాటు తల కదులుతుంది. అన్నీ కలిపి ముప్పావు గంట నుంచి గంట పడుతుంది.

మీరు చూసుకోవాల్సిన వాటిలో అన్నిటికంటే ముఖ్యం భాష. మన వైపు వాళ్లు వైద్యానికి చెన్నై, వేలూరు, బెంగళూరు వెళ్తుంటారు. అక్కడ మాటల పరీక్ష తమిళంలోనో ఇంగ్లీషులోనో సిద్ధంగా ఉండొచ్చు. రాని భాషలో పెట్టిన పరీక్షలో మచ్చ రాకపోతే తప్పు మెదడుది కాదు. తెలుగు మాటలే కావాలని అపాయింట్‌మెంట్ రోజే అడగండి. చదువు రాకపోతే చెవిలో వినిపించి చేయిస్తారు. ‘క’తో మొదలయ్యే మాటలు అనుకోమంటే కాకి, కుండ, కోడి కూడా లెక్కకొస్తాయని ఆయనకు ముందే చెప్పండి. లేకపోతే గుణింతం దగ్గర ఆగిపోతారు. ముందు రోజు ఇంట్లో వెల్లకిలా పడుకోబెట్టి పావుగంట సాధన చేయించండి. కళ్లద్దాల పవరు రాసుకుని వెళ్లండి, లోపలికి లోహపు ఫ్రేము రానివ్వరు. దగ్గు, గళ్ల ఉంటే తగ్గాక వెళ్లడం మేలు. తల రెండు మూడు మిల్లీమీటర్లు జరిగినా ఆ విడత చెడిపోతుంది.

ఇక ఆయన మధ్యలో కునుకు తీశారనుకోండి, పటం ఖాళీగా వస్తుంది. గడ్డ పక్కన రక్తనాళాల తీరు మారిపోయి ఉన్నా అంతే: కణాలు పని చేస్తున్నా నెత్తురు స్పందించదు, మచ్చ పడదు. అందుకే మచ్చ లేదు కాబట్టి అక్కడ కోసేయొచ్చని నిపుణులు తేల్చేయరు. అనుమానం ఉంటే ఆపరేషను జరుగుతుండగానే, రోగిని మేలుకొలిపి మాట్లాడిస్తూ, సన్నటి కరెంటుతో ఆ చోటును పరీక్షిస్తారు. ‘పటం ఖాళీగా వస్తే ఏం చేస్తారు?’ అని సర్జనును అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు.

ప్రశ్న: గ్రానైటు క్వారీలో డ్రిల్లింగు చేస్తాను. స్కానుకు ముందు ఆ విషయం చెప్పాలా? – చీమకుర్తి

జవాబు: తప్పకుండా. డ్రిల్లు ఉలి, సుత్తి నుంచి ఎగిరిన ఉక్కు రవ్వ కంట్లో మిగిలి ఉంటే అయస్కాంతం దాన్ని కదిలిస్తుంది, చూపు పోవచ్చు. ఎప్పుడైనా కంట్లో రవ్వ పడి ఉంటే ముందు కళ్లకు ఎక్స్‌రే తీస్తారు. వెల్డింగు పనివాళ్లకూ ఇదే వర్తిస్తుంది. పేస్‌మేకరు, మెదడులో పాత క్లిప్పులు ఉంటే కాగితాలు తీసుకెళ్లండి. మట్టెలు, మొలతాడు, తాయెత్తు తీసేయాలి. పచ్చబొట్టు ఉంటే చెప్పాలి, కొన్ని రంగుల్లో ఇనుము ఉండి చర్మం వేడెక్కుతుంది. స్కాను నడవకపోయినా అయస్కాంతం మాత్రం ఎప్పుడూ పని చేస్తూనే ఉంటుంది.

ప్రశ్న: దీంతో అబద్ధాన్ని పట్టేయొచ్చా? – ఒంగోలు

జవాబు: కేసు తేల్చేంతగా కుదరదు. ఎవరికీ కనపడకుండా వేళ్లు కదిలించినా ఫలితం దెబ్బతింటుందని 2011 నాటి ప్రయోగంలోనే తేలింది. అదీగాక, మనిషి ఒప్పుకోకుండా నార్కో, పాలీగ్రాఫు, మెదడు విద్యుత్తు పరీక్షలు చేయరాదని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

ప్రశ్న: నెల్లూరులో డిగ్రీ చదువుతున్నాను. ఇక్కడ పరిశోధన స్కానరు లేదు. ఈ రంగంలోకి రావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? – నెల్లూరు

జవాబు: స్కానరు లేకపోయినా ఈ పని నేర్చుకోవచ్చు. ఓపెన్‌న్యూరో అనే వెబ్‌సైటులో పేర్లు తీసేసిన స్కాన్లు ఉచితంగా దొరుకుతాయి. జేమ్స్ హాక్స్‌బీ బృందం 2001లో ప్రచురించిన దత్తాంశంతో (డేటాతో) మొదలుపెట్టండి. ఆరుగురికి ముఖాలు, ఇళ్లు, పిల్లులు, కుర్చీలు వగైరా ఎనిమిది రకాల బొమ్మలు చూపించి తీసినవి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వస్తే, మెదడు స్కాన్లను విశ్లేషించే నైలెర్న్ అనే దాని ఉపకరణం చాలు. 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ సరిపోతుంది.

లెక్కల్లోకి దూకకుండా ముందు స్కానును సినిమాలా నడిపించి చూడండి. తల ఎగిరిపడటం కంటికే తెలుస్తుంది. ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ మధ్య కదలిక అర మిల్లీమీటరు దాటిన చోట్లను గుర్తు పెట్టుకోండి. తర్వాత ముఖాలను ఇళ్లతో పోల్చండి. మెదడు అడుగున, ఎక్కువగా కుడి వైపు, ముఖాలకు స్పందించే చోటు బయటపడాలి.

చాలామంది ఇక్కడే పొరపడతారు. 50 వేల గడుల్లో విడివిడిగా నూటికి ఐదు తప్పులు ఒప్పుకుంటే, ఏమీ లేకపోయినా 2,500 గడులకు రంగొస్తుంది. ఇది చూపించడానికే క్రెయిగ్ బెన్నెట్ బృందం 2009లో చచ్చిన సాల్మన్ చేపను స్కాను చేసి మనుషుల ఫొటోలు చూపించింది. ఇన్ని గడులను ఒకేసారి పరీక్షిస్తున్నందుకు చేయాల్సిన దిద్దుబాటు చేయని లెక్కలో ఆ చేపకూ మచ్చలొచ్చాయి, దిద్దాక పోయాయి. దిద్దినా పూచీ లేదు: 2020లో 70 బృందాలకు ఒకే దత్తాంశం ఇస్తే ఏ రెండూ ఒకే దారిలో లెక్క కట్టలేదు, కొన్ని ప్రశ్నలకు జవాబులూ కలవలేదు. అందుకే మీరు చేసే ప్రతి అడుగునూ, ఎందుకు చేశారో కూడా, నోటుబుక్కులో రాయండి.

చివరగా కుడి ఎడమలు సరిచూడండి. కొన్ని ప్రోగ్రాములు రోగి ఎదురుగా నిలబడినట్టు, కొన్ని వెనక నుంచి చూసినట్టు చూపిస్తాయి. కుడిచేయి కదిలించిన స్కాను ఒకటి తెరవండి. మచ్చ తెర మీద ఏ వైపున్నా, మెదడు ఎడమ సగంలోనే ఉందని తేలేదాకా మీ పటాన్ని ఎవరికీ పంపకండి.