పాత యాషికా దొరికిందా? ముందు దాని చప్పుడు వినండి

మిర్యాలగూడ నుంచి ఒక తమ్ముడు అడిగాడు: "మా తాతయ్య స్టూడియోలో వాడిన యాషికా 120 కెమెరా అటక మీద దొరికింది. ఇప్పుడు పనిచేస్తుందా? ఫిల్మ్ దొరుకుతుందా? ఇలాంటివి ఇంకో రెండు మూడు కొనాలని ఉంది. ఏం చూసుకుని కొనాలి?"

తమ్ముడూ, ఫిల్మ్ దొరుకుతుంది. అందులో పడే వెడల్పాటి 120 రోల్ ఫిల్మ్‌ని కొడాక్ 1901లో మొదలుపెట్టింది, ఇవాళ్టికీ తయారవుతూనే ఉంది. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్లు చేసిన 'ఇందు' ఫిల్మ్ మీ తాతయ్య కూడా వాడే ఉంటారు, అది మాత్రం ఇక రాదు. నేను ఇల్‌ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్ అనే నలుపు తెలుపు ఫిల్మ్ ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటాను. యాషికాలో రోల్‌కి 12 ఫోటోలు. రోలు, కడిగే మందులు, స్కానింగ్ అన్నీ కలిపితే నాకు ఒక్కో ఫోటోకి వంద రూపాయలు దాటుతోంది. అందుకే ఫిల్మ్ ఎక్కించకముందే కెమెరా సంగతి తేల్చుకోవాలి.

నేనుండేది నల్లగొండలో. మా పెదనాన్న దేవరకొండ వైపు పెళ్లిళ్లకు ఫోటోలు తీసేవాడు. ఆయన వాడిన యాషికా-డి నా దగ్గరే ఉంది. దానికి తోడుగా ఏడేళ్ల కింద హైదరాబాద్‌లో ఒక దుకాణంలో యాషికా మ్యాట్ 124జి కొన్నాను. ఒంటి మీద ఒక్క గీత లేదు. అమ్మినాయన షట్టర్ స్పీడ్ 1/125 (సెకండ్‌లో 125వ వంతు) మీద పెట్టి నొక్కితే టిక్కుమని పలికింది. ఇంకేమీ చూడకుండా డబ్బులిచ్చి తెచ్చుకున్నాను.

ఆ ఆదివారమే పానగల్ ఛాయా సోమేశ్వరాలయానికి తీసుకెళ్లాను. అక్కడ గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పొద్దంతా ఒక నిలువు నీడ కనిపిస్తుంది. అది ఏ ఒక్క స్తంభం నీడా కాదు, బయటి వెలుతురు మండపంలోని స్తంభాల మధ్య నుంచి లోపలికి వచ్చే తీరు వల్ల ఏర్పడేది. లోపల వెలుతురు తక్కువ కాబట్టి అక్కడున్న వాళ్లను అడిగి స్టాండ్ వేసుకుని, ఒక సెకండ్, అర సెకండ్ పెట్టి ఎనిమిది ఫోటోలు తీశాను. మిగిలిన నాలుగూ బయట మండపం దగ్గర. ఇంటికొచ్చి రీలు కడిగి కిటికీ వెలుతురుకు పెట్టి చూస్తే, బయటి నాలుగూ చక్కగా ఉన్నాయి. లోపలివి ఎనిమిదీ వెలుతురు ఎక్కువై నెగెటివ్ మీద బొగ్గులా నల్లగా మాడిపోయాయి. సెకండ్ అనుకున్నది నాలుగైదు సెకండ్లు తెరుచుకునే ఉండిపోయింది.

ఎందుకంటే, షట్టర్‌లో (లెన్స్ దగ్గర తెరుచుకుని మూసుకునే రెక్కల్లో) వేగంగా ఉండే స్పీడ్‌లకు స్ప్రింగ్ బలం చాలు. నెమ్మది స్పీడ్‌లకు మాత్రం లోపల గడియారంలో ఉన్నట్టే చిన్న పళ్ల చక్రాలు తిరిగి, రెక్కలు మూసుకోకుండా కాసేపు ఆపుతాయి. ఏళ్ల తరబడి వాడకపోతే అక్కడి గ్రీజు గట్టిపడి చక్రాలు మొరాయిస్తాయి. 1/125 మీద నొక్కి చూస్తే ఈ జబ్బు బయటపడదు.

అందుకని ఇప్పుడు ఏ కెమెరా చేతికొచ్చినా ముందు ఒక సెకండ్ మీద పెట్టి చెవి దగ్గర పెట్టుకుంటాను. 'టక్' అని తెరుచుకుని, 'ఝుర్ర్ర్' అని ఒకే తీరుగా నడిచి, మళ్లీ 'టక్' అని మూసుకోవాలి. మధ్యలో చప్పుడు సాగినా, ఆగి మళ్లీ అందుకున్నా రిపేరుకు సిద్ధపడాలి. ఫోన్‌లో రికార్డ్ చేసుకుంటే రెండు టక్కుల మధ్య ఎంతసేపుందో కొలుచుకోవచ్చు కూడా. ఇంకో మాట. అమ్మేవాళ్లు ముందే నాలుగైదు సార్లు నొక్కి ఇస్తే చక్రాలు కాస్త వదులై బాగానే పలుకుతాయి. మొదటి నొక్కు మీరే నొక్కండి.

దయచేసి ఇంట్లో నూనె మాత్రం వేయకండి. అది రెక్కల మీదికి, అక్కడి నుంచి లెన్స్ మీదికి పాకుతుంది. నా 124జిని కోఠిలో ఒక పాత మెకానిక్ విప్పి, చక్రాలన్నీ కడిగి ఇచ్చాడు. ఇప్పటిదాకా మళ్లీ మొరాయించలేదు.

లెన్స్ సంగతికొస్తే, యాషికాకున్న రెండింట్లో పైది చూడ్డానికే, ఫోటో తీసేది కింది లెన్స్. పైదాంట్లో కాస్త ఫంగస్ ఉన్నా ఫోటోకి నష్టం లేదు. వెనక తలుపు తెరిచి, 'బి' (నొక్కినంతసేపూ షట్టర్ తెరిచే ఉండే గుర్తు) మీద నొక్కి పట్టుకుని, కింది లెన్స్‌లోకి టార్చ్ వేసి చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే బేరం వదిలేయడమే మేలు. దుమ్ము రేణువులకు భయపడక్కర్లేదు. పై మూత కింద ఉన్న అద్దాన్ని గుడ్డతో తుడవొద్దు, దాని పూత పై వైపునే ఉంటుంది, ఊడిపోతుంది. 124జిలో ఉన్న వెలుతురు కొలిచే మీటర్ పాత మెర్క్యురీ బ్యాటరీకి చేసినది, ఇప్పటి బ్యాటరీ వేస్తే తప్పు చూపిస్తుంది. ఫోన్ మీటర్ యాప్ చాలు. నిండు ఎండలో హెచ్‌పీ5 లాంటి 400 స్పీడ్ ఫిల్మ్‌కి లెన్స్ రంధ్రం ఎఫ్16, షట్టర్ 1/500 పెడితే అదీ అక్కర్లేదు.

మీది ఏ మోడలో రాయలేదు. పక్కన తిప్పే పిడి ఉంటే మ్యాట్ రకం, ఫిల్మ్ తిప్పితే షట్టర్ కూడా సిద్ధమవుతుంది. గుండ్రటి నాబ్ ఉంటే చాలావరకు ఏ గానీ డి గానీ అయి ఉంటుంది. వాటిలో షట్టర్ మీట విడిగా నొక్కాలి, ఫిల్మ్ తిప్పడం మరిచిపోతే ఒకదాని మీద ఇంకో ఫోటో పడుతుంది. లోపల ఖాళీ స్పూల్ (ఫిల్మ్ చుట్టుకునే కడ్డీ) ఉంటే అస్సలు పారేయకండి. అది లేకపోతే కొత్త రోల్ ఎక్కించలేరు.

రీలు ఇంట్లో కడిగేటట్టయితే మన జిల్లాలో రెండు ఇబ్బందులు. ఒకటి వేడి. డెవలపర్ (ఫిల్మ్ మీద బొమ్మ తేల్చే మందు) 20 డిగ్రీలుండాలి, మే నెలలో మా ట్యాంకు నీళ్లు చేయి పెడితే కాలుతాయి. టబ్బులో ఐసు వేసి అందులో సీసాలు నిలబెడతాను. డీ-76 అనే డెవలపర్‌ని నీళ్లు కలపకుండా వాడితే హెచ్‌పీ5కి 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు. రెండోది నీళ్లు. నల్లగొండ బోరు నీళ్ల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ నీళ్లతోనే కడిగి ఆరేస్తే, బకెట్ అంచున పేరుకునే తెల్ల మరకలే నెగెటివ్ మీదా తేలుతాయి. ముఖం మీద పడితే స్కానింగ్‌లో చెరపడానికి పూట పడుతుంది. చివరి కడుగు మాత్రం మెకానిక్ షాపుల్లో దొరికే బ్యాటరీ వాటర్‌తో చేయడం మొదలుపెట్టాక ఆ బాధ తీరింది. ఒక్క లీటరు చాలు.

కెమెరాని తోలు కేసులో దాచకండి, తోలు తేమ పట్టుకుంటుంది. గట్టి మూతున్న డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి.

ఇంకోటి కొనాలంటే ఆగ్ఫా క్లిక్ 3 తీసుకోండి. వడోదరలో మన దేశంలోనే చేశారు, దానికీ 120 రోలే, పాడవడానికి పెద్దగా ఏమీ ఉండదు. మడత కెమెరాలు, ముఖ్యంగా ఆగ్ఫా ఐసోలెట్, కొనే ముందు చీకటి గదిలో బెల్లోస్ (లెన్స్ వెనక మడతల తిత్తి) లోపల టార్చ్ వేసి మూలల్లో చుక్కల్లా వెలుతురు వస్తుందేమో చూడండి. పాత కొడాక్‌ల మీద 620 అని రాసి ఉంటే వదిలేయండి. ఫిల్మ్ వెడల్పు అదే గానీ స్పూల్ వేరు, ప్రతిసారీ చీకట్లో మార్చి చుట్టుకోవాలి.

బాగైన 124జితో మళ్లీ పానగల్ వెళ్లాను. ఆ రోజు మబ్బు, మీటర్ 8 సెకండ్లు చూపించింది. అంతసేపు తెరిచి ఉంచితే ఫిల్మ్ వెలుతురు పట్టడం మందగిస్తుంది కాబట్టి 'బి' మీద పెట్టి 15 సెకండ్లు లెక్కపెట్టాను. గోడ మీద నీడ, దాని పక్క రాతి గరుకుతో సహా వచ్చింది. ఆ ప్రింట్ మా పెదనాన్నకు ఇస్తే కళ్లద్దాలు తీసేసి దగ్గరగా పెట్టుకుని చూశాడు.

ఈ రాత్రి మీ కెమెరాని ఒక సెకండ్ మీద (అది లేకపోతే ఉన్నవాటిలో అన్నిటికంటే నెమ్మది స్పీడ్ మీద) పెట్టి మొదటి నొక్కు రికార్డ్ చేసి ఇక్కడే పెట్టండి. విని చెప్తాను.