అమెరికా కనెక్షన్ రేటు గుంటూరు కంపెనీకి అతకదు

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్‌ని, గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను. మా బావమరిది స్నేహితుడు ఊళ్లో ఇంటర్నెట్ కంపెనీ నడుపుతున్నాడు. 6,000 కనెక్షన్లు, 80 లక్షల బ్యాంకు అప్పు. ఖర్చులు పోను కనెక్షన్‌కి నెలకు 70 రూపాయలు మిగులుతున్నాయట. 15 లక్షలకు 5 శాతం వాటా ఇస్తానంటున్నాడు. అమెరికాలో ఒక్కో కనెక్షన్‌కి లక్షలు పెట్టి కొంటారని, ఇక్కడ 5 వేలకే వస్తోందని చెబుతున్నాడు. గ్రాట్యుటీ డబ్బు పెట్టవచ్చా?

జవాబు: మాస్టారూ, ఈ ధరకు వద్దు.

ముందు ఆ 5 వేల సంగతి చూద్దాం. 15 లక్షలకు 5 శాతమంటే కంపెనీ మొత్తానికి 3 కోట్లు కట్టినట్టు. దాని మీద ఉన్న 80 లక్షల అప్పు కూడా ధరలో భాగమే. కలిపితే 3 కోట్ల 80 లక్షలు, అంటే కనెక్షన్‌కి 6,300 పైనే.

ఇక అమెరికా పోలిక. అక్కడ ఇంటి ఇంటర్నెట్ బిల్లు నెలకు 60 డాలర్ల పైమాటే, మన డబ్బులో 5 వేలు దాటుతుంది. మీ ఇంటి బిల్లు ఒకసారి తీసి చూడండి. పైగా అక్కడ చాలా ఊళ్లలో ఇంటికి వైరు వేసే కంపెనీలు ఒకటో రెండో ఉంటాయి. మీ వీధి చివర కరెంటు స్తంభం దగ్గర నిలబడి తల ఎత్తండి: జియో, ఎయిర్‌టెల్, ఏపీ ఫైబర్‌నెట్, లోకల్ కేబుల్ అన్నీ చుట్టుకుని వేలాడుతుంటాయి. రేపు ఎవరైనా 50 రూపాయలు తగ్గిస్తే మీ కస్టమర్ మారిపోతాడు.

దేశాల మధ్య పోల్చాలంటే కనెక్షన్ల లెక్క కాదు, చేతికి మిగిలే డబ్బుకు ఎన్ని రెట్లు పెడుతున్నామో చూడాలి. ఆ 70లో ఇళ్లలో పెట్టే పెట్టెలు, తెగిన కేబుల్ మార్చడానికి కనీసం 30 పక్కన పెట్టాలని నా అంచనా. మిగిలేది 40. ఏడాదికి 28 లక్షల 80 వేలు. అప్పు మీద 11 శాతం చొప్పున వడ్డీ 8 లక్షల 80 వేలు తీస్తే 20 లక్షలు. అందులో మీ 5 శాతం ఒక లక్ష, అంటే మీరు పెట్టేది దానికి 15 రెట్లు, అదీ కంపెనీ పన్ను కట్టక ముందు. అదే 15 లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ స్కీములో 8.2 శాతానికి వేస్తే ఏడాదికి 1,23,000, మూడు నెలలకోసారి ఖాతాలో పడుతుంది.

ఈ రంగంలో పెద్దవాళ్లే దెబ్బతిన్నారు. నార్వే కంపెనీ టెలినార్ ఇక్కడి జనాభా చూసి వచ్చి యూనినార్ అనే మొబైల్ కంపెనీ పెట్టింది. 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 122 లైసెన్సులు రద్దు చేసినప్పుడు దాని లైసెన్సులూ పోయాయి. వేలంలో మళ్లీ స్పెక్ట్రమ్ (మొబైల్ సిగ్నల్ తరంగాలు వాడుకునే హక్కు) కొంది. 2016లో జియో వచ్చాక నిలబడలేక, 2017లో వ్యాపారాన్ని ఎయిర్‌టెల్‌కు అప్పగించేందుకు ఒప్పుకుంది. నగదు రాలేదు, స్పెక్ట్రమ్ బాకీలు ఎయిర్‌టెల్ నెత్తిన వేసుకుంది, అంతే.

మొహమాటం ఉంటే, రెండేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు, నెలనెలా ఎంతమంది మానేశారో చూపే కలెక్షన్ లిస్టు అడగండి. అవి బాగుంటే 2 లక్షలకు మించకుండా పెట్టండి, అదీ ఆయన చెప్పిన ధరలో మూడో వంతుకు, అంటే 5 శాతానికి 5 లక్షల లెక్కన అడగండి. రేపు డబ్బు అవసరమైతే మీ వాటాను ఎవరు, ఏ లెక్కన తిరిగి కొంటారో ఒప్పందంలో రాయించుకోండి. అది రాయడానికి ఆయన ఒప్పుకోకపోతే రూపాయి కూడా ఇవ్వకండి.