మారథాన్ సాధనతో ఒళ్లంతా నీరసం.. పరుగు మానేయాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 38. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం, ఇద్దరు చిన్న పిల్లలు. రెండేళ్లుగా పరుగెత్తుతున్నాను. మరో నాలుగు నెలల్లో మొదటిసారి పూర్తి మారథాన్‌లో పాల్గొనాలని వారానికి ఆరు రోజులు సాధన చేస్తున్నాను. రాత్రి పడుకునేసరికి పదకొండున్నర అవుతుంది, తెల్లవారుజామున నాలుగుంబావుకు లేస్తాను. నెల రోజులుగా కాళ్లు బరువెక్కి, వేగం తగ్గిపోయింది. మధ్యాహ్నం కునికిపాట్లు, ఇంట్లో ఊరికే చిరాకు. నిద్ర లేవగానే నిమిషానికి 54 సార్లు కొట్టుకునే నాడి ఇప్పుడు 62, 63 చూపిస్తోంది. పరుగు మానేయమని మా ఆవిడ అంటోంది. మానకుండా విటమిన్ మాత్రలతో నెట్టుకురావచ్చా?

జవాబు: మీ ఉత్తరం చదువుతూనే వేళ్ల మీద లెక్క వేశాను. పదకొండున్నర నుంచి నాలుగుంబావు వరకు అంటే అయిదు గంటలు కూడా లేదు. అదీ పడుకోగానే నిద్ర పట్టిందనుకుంటే! పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. 42.195 కిలోమీటర్లకు సిద్ధమయ్యేవారికి ఎనిమిది గంటలైనా ఎక్కువ కాదు. ఈ లోటును పూడ్చే మాత్ర ఏదీ లేదు.

పరుగెత్తే సమయంలో కండరం నలుగుతుంది. అది మరమ్మతై మునుపటికన్నా గట్టిపడేది తర్వాత దొరికే విశ్రాంతిలోనే. అందుకు తోడ్పడే గ్రోత్ హార్మోను ఎక్కువగా గాఢనిద్రలో విడుదలవుతుంది. నిద్ర తగ్గించుకుని పరుగు పెంచితే నలగడమే మిగులుతుంది. పైగా ఆఫీసు ఒత్తిడి, పిల్లల కోసం జాగరణలు, పరుగు.. ఈ మూడు బళ్లకూ మీరు కట్టింది ఒకే ఎద్దును.

నాడి ఒకరోజు పెరిగితే పట్టించుకోనక్కర్లేదు. రోజుల తరబడి ఎనిమిది, తొమ్మిది ఎక్కువగా ఉంటే శరీరం కోలుకోవడం లేదని అనుమానించాలి. అయితే నెపమంతా సాధన మీదే వేయకండి. రక్తహీనత, థైరాయిడ్ సమస్య కూడా ఇలాగే కనిపిస్తాయి. హిమోగ్లోబిన్, ఇనుము నిల్వను తెలిపే ఫెరిటిన్, థైరాయిడ్ పనితీరును తెలిపే టీఎస్‌హెచ్, చక్కెర పరీక్షలు చేయించుకోండి. ఎక్కువ దూరాలు పరుగెత్తేవారిలో ఇనుము చెమట ద్వారా కొంత, పేగుల ద్వారా కొంత పోతుంది. పాదం నేలను తాకే తాకిడికి ఎర్ర రక్తకణాలు కూడా కొన్ని చితుకుతాయి. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఫెరిటిన్ తక్కువగా ఉండవచ్చు. అలాగని పరీక్ష లేకుండా ఇనుము మాత్రలు మింగకండి. బరువు తగ్గుతూ, లైంగికాసక్తి కూడా సన్నగిల్లితే పరుగుకు సరిపడా తినడం లేదేమో చూసుకోవాలి. ఈ సమస్య మగవాళ్లలోనూ ఉంటుంది.

మీ శ్రీమతి మాట సగం వినమంటాను. రెండు వారాలు గడియారం చూడకుండా, వారానికి మూడు రోజులు మాత్రమే, నడకో నెమ్మది పరుగో చాలు. ఆ రోజుల్లో రాత్రి పదిన్నరకే పడుకోండి, ఆరుకు ముందు లేవకండి. నాడి, హుషారు మామూలుకు వస్తే ఆ తర్వాత వారానికి నాలుగు రోజులు చేయండి: ఒక దూరపు పరుగు, ఒక వేగపు పరుగు, రెండు తేలిక పరుగులు. తేలిక అంటే పక్కవారితో ఆయాసం లేకుండా పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. చాలామంది తప్పటడుగు ఇక్కడే. తేలిక రోజున కూడా ఎవరినో తరుముతున్నట్టు పరుగెత్తి, వేగంగా వెళ్లాల్సిన రోజుకు ఓపిక లేక చతికిలబడతారు. రోజులు తగ్గితే సంపాదించిన దమ్ము పోతుందని బెంగ వద్దు. తీవ్రత తగ్గనంతవరకు, తక్కువ రోజులతోనే దాన్ని వారాల తరబడి నిలుపుకోవచ్చు.

పిల్లలకు జ్వరమొచ్చి నిద్ర లేకపోతే మర్నాటి పరుగు వదిలేయండి, దాన్ని ఆదివారం పరుగుకు కలపకండి. జ్వరం మీకే వస్తే పూర్తిగా ఆగాలి. కొన్ని వైరస్‌లు గుండె కండరానికీ సోకుతాయి, అప్పుడు పరుగు ప్రమాదకరం. నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది చేతి గడియారం చెప్పింది నమ్ముతారు గానీ ఇంట్లోవాళ్లు చెప్పింది నమ్మరు. అలసట శ్రుతి మించినప్పుడు ముందుగా కనిపించే గుర్తుల్లో చిరాకు ఒకటి, దాన్ని పసిగట్టేది వాళ్లే. ఆరు వారాలకూ కోలుకోకపోతే ఈసారికి 21 కిలోమీటర్ల సగం మారథాన్‌తో సరిపెట్టుకోండి, లేదా వాయిదా వేయండి.

పరుగులో ఛాతీ పట్టేసినట్టున్నా, కళ్లు తిరిగి పడిపోయినా, గుండె లయ తప్పినట్టనిపించినా వెంటనే ఆపి గుండె వైద్యుణ్ని కలవాలి. రక్తసంబంధీకుల్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉంటే ఏ లక్షణం లేకపోయినా ముందే చూపించుకోవాలి. మోకాలి కింది ఎముకలో వేలితో చూపగలిగేంత ఒకేచోట నొప్పి ఉంటే అది ఎముకలో సన్నని చీలిక కావచ్చు, దాని మీద పరుగెత్తకూడదు.

ఇంకో మాట. ఈ మధ్యాహ్నపు కునికిపాట్లు తగ్గేదాకా వాహనం నడపకండి.