ఫ్రెంచ్‌లో 97 మార్కులు వచ్చాయి, ఫ్రెంచ్ మాత్రం రాదు

ప్రశ్న: హైదరాబాద్‌లో బీఏ ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ రెండో ఏడాది పూర్తిచేశాను. సెప్టెంబరు నుంచి ఒక సెమిస్టర్ ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో చదివే అవకాశం వచ్చింది. ఇంగ్లిష్‌లో చెప్పే కోర్సులు కూడా ఉన్నాయి కాబట్టే ఎంపికయ్యాను. ఇంటర్‌లో నా సెకండ్ లాంగ్వేజ్ ఫ్రెంచ్. 97 మార్కులు వచ్చాయి. ‘మా అమ్మాయి ఫ్రెంచ్ గడగడా మాట్లాడుతుంది’ అని అమ్మ చుట్టాలందరికీ చెప్పేసింది. ‘ఇంత ఖర్చుపెట్టి వెళ్లి ఇంగ్లిష్‌లో చదవడమెందుకు, అన్నీ ఫ్రెంచ్‌లోనే తీసుకో’ అని నాన్న పట్టుబడుతున్నారు. నిజానికి నా పేరు, ఊరు చెప్పుకోవడం దాటితే నాకేమీ రాదు. పదిహేను రోజుల్లో కోర్సుల లిస్టు పంపాలి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. వెళ్లనని చెప్పేయనా?

జవాబు: వెళ్లడం మానుకోకమ్మా. లిస్టు మారిస్తే సరిపోతుంది.

ఇంటర్‌లో ఫ్రెంచ్ ఎందుకు తీసుకుంటారో మన ఇళ్లల్లో తెలియనిదేం కాదు. సంస్కృతం తీసుకున్నవాళ్లంతా సంస్కృతంలో మాట్లాడుతున్నారా? క్రియారూపాలు బట్టీ పట్టి, ఖాళీలు పూరిస్తే మార్కులు వస్తాయి. నీకొచ్చిన 97నే చూడు. ఫ్రాన్స్‌లో దాన్ని ‘నాలుగు ఇరవైలు, పది, ఏడు’ అంటారు. పరీక్ష పేపర్లో తీరిగ్గా రాయొచ్చు. అదే క్లాసులో లెక్చరర్ ‘1997లో నిరుద్యోగం...’ అంటూ గబగబా వెళ్లిపోతుంటే నువ్వు ఇరవైల ఎక్కం దగ్గరే ఆగిపోతావు.

ముందు నీ స్థాయి ఎంతో నువ్వే తేల్చుకో. ఫ్రాన్స్ వాళ్ల ఆర్‌ఎఫ్‌ఐ రేడియోలో విదేశీయుల కోసం తేలిక ఫ్రెంచ్‌లో పది నిమిషాల వార్తలు చదువుతారు. ఒకసారి విని, అర్థమైంది తెలుగులో రాసుకో. సగం పేజీ కూడా నిండకపోతే, పాఠాలన్నీ ఫ్రెంచ్‌లో వినే మాట ఇప్పటికి పక్కన పెట్టు. అక్కడి యూనివర్సిటీలు ఫ్రెంచ్‌లో చెప్పే కోర్సులకు మామూలుగా బీ2 స్థాయి అడుగుతాయి. భాష ఎంత వచ్చో కొలవడానికి ఏ1 నుంచి సీ2 దాకా ఉన్న ఆరు మెట్లలో అది నాలుగోది. నీ ఉత్తరాన్ని బట్టి నువ్వు మొదటి మెట్టు మీదున్నావు.

అక్కడ క్లాసులు రెండు రకాలు. పెద్ద హాల్లో వందలమంది కూర్చుని వినేదాన్ని సీఎం అంటారు (మన ముఖ్యమంత్రి కాదులే). చాలాసార్లు టెక్స్ట్‌బుక్ ఉండదు. లెక్చరర్ చెప్పిందే సిలబస్, పిల్లలంతా తలెత్తకుండా టైపు చేస్తుంటారు. రెండోది టీడీ. ముప్పై నలభై మందితో చిన్న క్లాసు. హాజరు తప్పనిసరి, లేచి మాట్లాడాలి. భాష రానివాళ్లు పెద్ద హాలయితే వెనకాల దాక్కోవచ్చని సీఎంలే ఎంచుకుంటారు. నన్నడిగితే అది పొరపాటు. చివర్లో మూడు గంటలు కూర్చుని వ్యాసం రాయాల్సి వస్తుంది. దానికో ప్రశ్న లేవనెత్తి, రెండు మూడు భాగాలుగా వాదన నడపాలి. అక్కడి పిల్లలు స్కూల్లోనే అది సాధన చేసి వస్తారు. టీడీలో అయితే నీ తిప్పలు టీచరు కళ్లముందే ఉంటాయి, మార్కులు కూడా కొంచెం కొంచెంగా పడతాయి.

సెమిస్టర్‌కి 30 క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్‌కి 25 నుంచి 30 గంటల చదువు ఉంటుందని లెక్క. వీటిలో ఎక్కువ భాగం ఇంగ్లిష్ కోర్సులతోనే నింపు. యూరోపియన్ పార్లమెంటు, కౌన్సిల్ ఆఫ్ యూరప్ ఆ ఊళ్లోనే ఉన్నాయి. యూరప్ రాజకీయాల మీద ఇంగ్లిష్ కోర్సు కనిపిస్తే వదలొద్దు. విదేశీ విద్యార్థులకు ఫ్రెంచ్ నేర్పే క్లాసు తప్పకుండా తీసుకో. ఆపైన ఫ్రెంచ్‌లో ఒకే ఒక్క కోర్సు, అదీ టీడీ ఉన్నది, నీకు బాగా పట్టున్న సబ్జెక్టులో. మైక్రో ఎకనామిక్స్ లాంటిదైతే మాట అందకపోయినా బోర్డు మీద గ్రాఫు అందుతుంది. నీ స్థాయికి ఒప్పుకుంటారో లేదో ముందే మెయిల్ పెట్టి అడుగు. కాదంటే వదిలెయ్.

మరో రెండు కోర్సులు అదనంగా రాసి పెట్టుకో. డిపార్ట్‌మెంట్లు టైమ్‌టేబుళ్లు ఎవరికి వాళ్లు వేసుకుంటాయి, వెళ్లాక చూస్తే రెండు క్లాసులు ఒకే గంటలో పడతాయి. మొదటి వారాల్లో లిస్టు మార్చుకునే వీలుంటుంది కానీ, ప్రతి మార్పుకీ ఇక్కడి కాలేజీ ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా ఉండాలి. ఫెయిలైతే మళ్లీ పరీక్ష ఎప్పుడో కూడా అడుగు. చాలాచోట్ల జూన్‌లో పెడతారు, అప్పటికి నువ్వు హైదరాబాద్‌లో ఉంటావు.

ఇక ఇంటి సంగతి. ఫ్రెంచ్ మాట్లాడతానని నువ్వు అనలేదు, అమ్మ అంటుంటే కాదని కూడా అనలేదు. ఆ మొహమాటమే ఇప్పుడు నిద్ర చెడగొడుతోంది. ఇద్దరినీ కూర్చోబెట్టి ఆ పది నిమిషాల వార్తలు వినిపించు. ‘ఇందులో నాకు ఇంతే అర్థమైంది, ఈ భాషలో 30 క్రెడిట్లకు పరీక్షలు రాయమంటారా నాన్నా?’ అని అడుగు. వంద మాటలు చెప్పేకన్నా అది మేలు.

నాన్నగారి మాటలో సగం నిజమే. ఇంగ్లిష్ క్లాసుకెళ్లి, సాయంత్రం మనవాళ్లతో కలిసి వండుకు తింటూ గడిపేస్తే ఫ్రెంచ్ రాదు. ఆ సంగతి ఒప్పుకుని, భాష ఎలా నేర్చుకుంటావో చెప్పు. వెళ్లేలోపు ఇక్కడ ఫ్రెంచ్ నేర్పే అలయన్స్ ఫ్రాన్సేజ్‌లో చేరు. అక్కడ ఫ్రెంచ్ అమ్మాయిలతో కలిసి ఇల్లు పంచుకో. మార్కుల సంగతి కూడా ఆయనకి ఇప్పుడే చెప్పెయ్. అక్కడ 20కి వేస్తారు, 10 వస్తే పాసు, 14 అంటే బాగా చదివినట్టు, 20 ఎవరికీ రానంత అరుదు. 97కి అలవాటుపడ్డ ఇంట్లో 13 చూస్తే గుండె గుభేలుమంటుంది.

ఇంట్లోవాళ్ల మాట కాదనలేక అన్నీ ఫ్రెంచ్‌లోనే తీసుకున్న కుర్రాడు ఒకడు నా దగ్గరికొచ్చాడు. నవంబరుకల్లా క్లాసులకెళ్లడం మానేశాడు. ఇంట్లో తెలిసింది మార్కులొచ్చాకే.

అమ్మకి కాస్త చిన్నతనంగా ఉంటుంది. రెండు రోజులు ముభావంగా ఉన్నా ఉండనీ. చుట్టాలతో ఏం చెప్పుకోవాలో ఆవిడ చూసుకుంటారు. నువ్వు మాత్రం పద్నాలుగో రోజు దాకా నాన్చకుండా, ఈ ఆదివారం భోజనాలయ్యాక ఆ రేడియో పెట్టు.